సముద్రం మీద అలక

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను మా అత్తయ్యకు సముద్రపు చేప పెట్టి, సింగూరు జలాశయం చేప అని చెప్పాను. పొరపాటున పెట్టలేదు. తెలిసే పెట్టాను, తెలిసే అబద్ధమాడాను. ఆమెకు ఎనభై దాటాయి. బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఉప్పునీటిలో పుట్టిన దేన్నీ ఆమె నోట పెట్టలేదు. అది మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అత్తయ్య మా నాన్నకు పెదనాన్న కూతురు. ఆమె నాన్న, అంటే మా పెద్దతాత, యుద్ధం రోజుల్లో రంగం నుంచి తిరిగొస్తూ ఓడ మునిగి పోయాడు. రంగం అంటే రంగూన్. మా వైపు సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ముసలివాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. శవం దొరకలేదు. చేపలు తినేసి ఉంటాయని ఎవరో నోరుజారి అన్నారట. అప్పటి నుంచి మా పెదనాయనమ్మ సముద్రపు చేప తినడం మానేసింది. చంటిపిల్లగా ఉన్న కూతురికీ అదే అలవాటు చేసింది. చెరువు చేప తినొచ్చు, ఏటి చేప తినొచ్చు. సముద్రానిది మాత్రం కూడదు.

మా నాన్న ఇక్కడ పటాన్‌చెరు దగ్గరి పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి ఈ వైపు వచ్చాడు. ఆయన వెనకే అత్తయ్యనూ మామయ్యనూ రప్పించాడు. మామయ్య పోయాక, పిల్లలు లేని అత్తయ్య మా ఇంటికి వచ్చేసింది. ఆమె ఇంట్లో ఉండగా మేం సింగూరు ప్రాజెక్టు చేపో, చెరువు చేపో వండుకునేవాళ్ళం. ఆమె ఏ చుట్టాలింటికో వెళ్ళిన రోజున నేను సముద్రపు చేప తెచ్చేవాణ్ణి. తిన్నాక కిటికీలన్నీ తెరిచి అగరొత్తులు వెలిగించేవాణ్ణి. ఆమె తిరిగొచ్చి, "ఏట్రా, ఇయ్యాల పూజ బాగా జరిగినట్టుంది" అనేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఆ ఆదివారం వెలిమెలలో కొత్తగా అపార్టుమెంటు కొనుక్కున్న చుట్టాల పిల్లవాడి మొదటి పుట్టినరోజు. పొద్దున్నే కారు పంపి ఆమెను తీసుకెళ్ళారు. కారు వీధి మలుపు తిరిగిందో లేదో, నేను బండి తీసి పటాన్‌చెరు చేపల మార్కెట్‌కు బయల్దేరాను.

నేను ఎప్పుడూ ఎవరి దగ్గర చేపలు కొంటానో ఆమె నన్ను చూసి, "ఏంది సార్, రవ్వనా, బొచ్చెనా?" అంది.

"వంజరం ఉందా?"

"ఇంట్ల ముసలమ్మ లేదా ఏంది?"

"ఫంక్షన్‌కు పోయింది."

"గదే అనుకున్న. నీ మొఖం సూస్తెనే ఎరుకైంది. తీస్కో, తెల్లారగట్ల లారీల దిగింది. ఐసు గూడ కరగలే." పక్కన కత్తిపీట ముందు కూర్చున్న భర్తతో, "గీ సార్‌కు గుండ్రంగ కొట్టు. దొంగతనంగ తినేటోళ్ళు ముక్కలు పెద్దగనే తింటరు" అంది. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

నా భార్యది హత్నూర దగ్గర ఊరు. చెరువు చేపల పులుసు పెట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. వంజరం వండడం నా కోసమే నేర్చుకుంది. ఒంటిగంటకు పులుసు దించి, ముక్కలు వేయించి పెట్టింది. అప్పుడే గేటు చప్పుడైంది. అత్తయ్య చెప్పులు విడుస్తోంది.

"అప్పుడే వచ్చేశావేంటి అత్తయ్యా?" అన్నాను.

"నిలబడి తినమంటే నాకు సాతకాదురా. పళ్ళెం ఒక సేత్తో పట్టుకోవాలి, గళాసు ఒక సేత్తో పట్టుకోవాలి. ఇంకే సేత్తో తింటాను? ఇంత కేకు ముక్క పెట్టేరు. ఆకలి దంచేస్తంది. ఏటి వండేరు, సేప వాసనొస్తంది?"

నా భార్య నా వైపు చూసింది.

"ఏం సేపరా?"

"సింగూరుది" అన్నాను.

ఆ మాట ఎందుకు వచ్చిందో తర్వాత చాలాసేపు ఆలోచించాను. వంజరం అని చెప్పి ఉంటే ఏమయ్యేది? ఇంట్లో పచ్చడి ఉంది, పెరుగు ఉంది, గుడ్డు అట్టు వేసి పెడితే రెండు నిమిషాల పని. ఆమె మారుమాట లేకుండా తినేది. కానీ ఆమె ఎదురుగా కూర్చుని నేను ఆ చేప తినాలి, లేదా మానాలి. రెండూ నాకు ఇష్టం లేదు. నా నోటి రుచీ నా మర్యాదా రెండూ నిలుపుకోవడానికి ఆమె నియమాన్ని పణంగా పెట్టాను. అలా అని అప్పుడు అనుకోలేదు. ఏదో ఒక మాట చెప్పి గండం గడిస్తే చాలనుకున్నాను.

వంటింట్లోకి వెళ్తే నా భార్య గరిటె నా చేతిలో పెట్టింది. "నాతోని గాదు. నీ అబద్ధం నువ్వే వడ్డించుకో" అని గొంతు తగ్గించి అంది.

నేనే వడ్డించాను. అత్తయ్య రెండు ముక్కలు తిని, మూడోది తనే అడిగి వేయించుకుంది. పులుసు కలుపుకుని వేళ్ళు నాకింది. "ఈపాలి సింగూరోళ్ళు బాగా మేపేరురా. ముల్లే నేదు" అంది. నా కంచంలో ముక్క అలాగే ఉండిపోయింది. ఎందుకు తినడం లేదని ఆమె అడిగితే, కడుపు బాగాలేదన్నాను. అది రెండో అబద్ధం.

ఆమె నడుం వాల్చాక నా భార్య గిన్నెలు తోముతూ, "లేవంగనే చెప్పు. లేకుంటే నేన్ జెప్త" అంది.

"ఈ వయసులో ఆమెకేమన్నా అయితే?"

"ఆమెకేం గాదు. నీ ఇజ్జత్ పోతదని నీకు పరేషాన్."

నిజమే. నేను ముందుగదిలో కూర్చుని ఏం చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. పెద్దతాత గురించి నాకేం తెలుసో తలచుకుంటే ఏమీ తెలియదని తేలింది. ఓడ మునిగినాయన అనేవాళ్ళం ఇంట్లో. ఓడ ఎక్కక ముందు ఆయన ఏం చేసేవాడో, ఎలా ఉండేవాడో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఇన్నేళ్ళుగా ఆయన కూతురు నా ఇంట్లోనే ఉంది.

సాయంత్రం టీ ఇచ్చి ఆమెతో పాటు బాల్కనీలో కూర్చున్నాను. కింద ఫ్యాక్టరీ బస్సులు షిఫ్టువాళ్ళను దించుతున్నాయి. గాలి గడ్డపోతారం వైపు నుంచి వీస్తూ మందుల ఫ్యాక్టరీల వాసన మోసుకొస్తోంది. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"అత్తయ్యా, మధ్యాహ్నం నువ్వు తిన్నది సింగూరు చేప కాదు. వంజరం. సముద్రానిది."

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "ఎన్ని ముక్కలు తిన్నాను?"

"రెండు."

"మూడు. అడిగేయించుకున్నది లెక్కెయ్యవేం?"

తర్వాత లేచి లోపలికి వెళ్ళింది. వాష్‌బేసిన్‌ దగ్గర పుక్కిలిస్తున్న చప్పుడు వినబడింది. పుక్కిలించి ఉమ్మడం, మళ్ళీ నీళ్ళు పోసుకోవడం. అది ఎంతసేపటికీ ఆగలేదు. నేను కుర్చీలోంచి కదలలేకపోయాను. నా భార్య వెళ్ళి ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఈ మనిషి జీవితమంతా కాపాడుకున్నదాన్ని నేను ఒక్క పూట భోజనంతో పాడుచేశాననీ, ఇక ఆమె ఈ ఇంట్లో నా చేత్తో వడ్డించింది ఏదీ తినదనీ అనుకున్నాను.

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది.

"పోలేదురా రుచి" అంది.

"డాక్టరు దగ్గరికి వెళ్దామా?"

"దేనికి? బాగున్నాదన్నాను గాని వికారంగా ఉందన్నానా?"

ఆమె చల్లారిన టీ తాగేసింది.

"నాకు మా నాన్న మొహం తెల్దు. ఫొటో నేదు. రంగంలో పుట్టేనంటారు గాని అదీ గురుతు నేదు. ఆ సేప ఒగ్గేయడం ఒకటే నాకు ఆయనిచ్చినట్టుండేది. అందరి నాన్నలూ గాజులో గౌనులో కొంటారు. మా నాన్న నాకు ఒక సేప మానిపించేడు."

"తప్పయింది అత్తయ్యా."

"ఆగు. సెప్పనీ."

అప్పుడు చెప్పింది. వాళ్ళమ్మ దగ్గర విన్నవే, అన్నీ ముక్కలుముక్కలుగా. మా ఊళ్ళో కోతలయ్యాక పని ఉండేది కాదట. మీసాలు రాకముందే ఆయన కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీ వెంట ఓడెక్కి రంగం వెళ్ళాడు. మొదట బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. తర్వాత రేవులో, ఒడ్డుకొచ్చిన ఓడలకు తాళ్ళు కట్టే జట్టులో చేరాడు. అరచేతులు తాడులాగే గరుకెక్కాయి. నిద్రలో కూడా తాడు లాగుతున్నట్టు చేతులు ఆడించేవాడని వాళ్ళమ్మ నవ్వేదట. ఊరొచ్చి పెళ్ళి చేసుకుని భార్యను తీసుకెళ్ళాడు. తెలుగువాళ్ళూ అరవవాళ్ళూ ఒరియావాళ్ళూ వరసగా ఉండే ఇళ్ళల్లో ఒక గది. ఆవిడకు అక్కడి బొగ్గుల పొయ్యి అలవాటు కాక, సెలవు రోజుల్లో ఆయనే చేప వండేవాడు. పసుపుపచ్చ పట్టు తలపాగా ఒకటి కొనుక్కుని, అది చుట్టుకుని వీధిలో అటూ ఇటూ తిరిగేవాడు.

"అక్కడోళ్ళు కుళ్ళబెట్టిన సేపలతో ఒక ముద్ద సేస్తారంటరా. కంపు. మా నాన్నకి అది పిచ్చి. అమ్మ ఇంట్లోకి రానిచ్చేది కాదు. పక్కింటి బర్మావోళ్ళ అరుగు మీద నిలబడి తినీసి వచ్చేవోడంట. ఏటి తిన్నావంటే, ఏటీ తిన్నేదు అనేవోడంట. మూతి నిండా అదే వాసన." ఆమె నా వైపు తిరిగింది. "నీలాగే."

నా భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

బాంబులు పడటం మొదలయ్యాక రేవు నిండా జనం. ఓడలకు తాళ్ళు కట్టేవాడు కాబట్టి ఆయన ఎవరినో బతిమాలి భార్యాబిడ్డలను పైకి ఎక్కించగలిగాడు. ఆ తలపాగా విప్పి బిడ్డను తల్లి వీపుకు కట్టాడు. తర్వాతి ఓడకు వస్తానన్నాడు. అన్నట్టే తర్వాతి ఓడ ఎక్కాడు. ఆ ఓడ ఒడ్డుకు చేరలేదు. వేరే ఓడలో వచ్చిన పొరుగూరి మనిషి ఒకతను నెలల తర్వాత ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పి వెళ్ళాడు.

"మరి పెదనాయనమ్మ నిన్నెలా పెంచింది?" అని అడిగాను. ఇది కూడా అప్పుడే అడగడం.

"సేపలమ్మి."

"ఏ చేపలు?"

"ఏ సేపలేటి? మా ఊళ్ళో ఇంకేటి దొరుకుతాది, సముద్రపు సేపలే. ఎండబెట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్మేది. ఆ డబ్బులతోనే నాను పెరిగేను."

నేను ఆమె ముఖంలోకి చూశాను. వేళాకోళం కాదు.

"తినకూడదు గాని అమ్మొచ్చా?"

"నాకూ అదే అర్థమయ్యేది కాదు సిన్నప్పుడు. పాపమనుకుంటే ఊరందరికీ పెట్టుద్దా? పాపం కాదురా, అది అలక. మొగుడు ఆలీసెంగా వస్తే ఆడది అన్నం మానేసి కూకుంటాది సూడు, అలాటిది. అలిగి సూపించుకోడానికి ఆయన నేడు గదా. సముద్రం మీద అలిగింది. అమ్మ పోయినాక ఆ అలక నాను పట్టుకున్నాను. ఎవరి మీదో, ఎందుకో నాకు తెల్దు. అమ్మది గదా, ఒగ్గేయబుద్ధి కాలేదు."

ఆమె కింద బస్సుల వైపు చూస్తూ మళ్ళీ అందుకుంది.

"ఒకపాలి అమ్మని అడిగేను, నాన్నకి ఏ సేపంటే ఇష్టమని. వంజరం అంది. అని, అవతలికెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు నాను. ఇయ్యాల మూడు ముక్కలు తినీసేక తెలిసింది, ఎందుకిష్టమో."

నేను తల వంచుకున్నాను. ఆమె నా మోకాలి మీద తట్టింది. ఇక అంతా అయిపోయిందనుకున్నాను. కాలేదు.

"సేప సంగతి సరే. సింగూరుదన్నావు సూడు, అది నాకు నచ్చలేదు. నోరు నాది. తినాలో వొద్దో నాను సెప్పుకోవాలి. ఒకేళ వంజరమని సెప్పుంటే, ఇయ్యాల తిందునో, తినకపోదునో, నాను సెప్పుకునేదాన్ని. ఆ మాట నువ్వు నన్ను అననియ్యలేదు."

నేను భయపడుతూ ఆలోచించినదంతా ఆమె ఆరోగ్యం గురించీ ఆచారం గురించీ. ఆమె చెప్పింది నాకు తట్టనే లేదు.

"ఏం చెయ్యమంటావు?" అన్నాను.

"పెత్తరమాసకి మీ నాన్నకీ తాతకీ బియ్యం ఇస్తావు గదా?"

ఈ వైపు భాద్రపద అమావాస్యను పెత్తరమాస అంటారు. ఆ రోజు పోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. మేమూ ఇక్కడివాళ్ళతో పాటు ఇస్తూ వస్తున్నాం.

"మా నాన్నకి ఎవరూ ఇవ్వలేదు. అమ్మ ఒప్పుకునేది కాదు. బియ్యమిస్తే సచ్చిపోయినట్టే గదా అనేది. తరవాత నాను ఆడదాన్ని, అన్నదమ్ములు నేరు. నువ్వియ్యి."

ఏటేటా నేను అయ్యగారి ముందు కూర్చుని పేర్లు చెబుతూనే ఉన్నాను. ఆ పేర్లలో ఒకటి లేదని నాకు ఎప్పుడూ అనిపించలేదు. సరేనన్నాను.

రాత్రికి ఆమె మామూలుగానే అన్నం తింది. మిగిలిన పులుసు వేసుకుంటుందేమోనని నా భార్య గిన్నె పట్టుకుని, "అత్తమ్మా, ఇది గదే. పగటిదే. ఎయ్యాల్నా?" అని అడిగింది.

"ఇప్పుడొద్దు. మళ్ళీ ఎప్పుడైనా తినాలనిపిస్తే నానే అడుగుతాను" అంది అత్తయ్య. నా భార్య అలా అడిగాక, అడగవలసిన పద్ధతి ఏమిటో నాకు తెలిసింది. నేను చెయ్యలేకపోయింది ఆ ఒక్క మాట అడగడమే.

పెత్తరమాస నాడు పొద్దున్నే అత్తయ్యను తీసుకుని మంజీర ఒడ్డుకు వెళ్ళాను. అదే రోజు ఇక్కడ బతుకమ్మ మొదలవుతుంది. నా భార్య తంగేడు పూలతో బతుకమ్మ పేర్చడానికి ఇంట్లోనే ఉండిపోయింది. ఒడ్డున అయ్యగారు వరసలో కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేతా నీళ్ళు వదిలిస్తున్నారు. నా వంతు వచ్చింది. నాన్న పేరూ తాత పేరూ చెప్పాను. అత్తయ్యను అడిగి తెలుసుకున్న పెద్దతాత పేరూ చెప్పాను.

"ఈయన ఏమైతడు నీకు?"

"మా తాతకు అన్న."

"తిథి ఎరుకనా?"

"తెలియదు అయ్యగారూ."

"ఫికర్ లేదు. తిథి తెల్వనోళ్ళందరికి గీ అమాసనే. ఎట్ల పోయిండు?"

ఓడ మునిగి అని నోటిదాకా వచ్చింది. చిన్నప్పటి నుంచి అలవాటైన మాట. అత్తయ్య నా పక్కనే పీట మీద కూర్చుని ఉంది.

"రంగంలో ఓడలకు తాళ్ళు కట్టేవాడు. చేప బాగా వండేవాడట. పసుపు తలపాగా చుట్టేవాడట. యుద్ధంలో భార్యనూ బిడ్డనూ ముందు ఓడ ఎక్కించి, తను తర్వాతి ఓడలో వస్తూ సముద్రంలో పోయాడు" అన్నాను.

అయ్యగారు నువ్వుల పళ్ళెంలోంచి తలెత్తి చూశారు. "నేనడిగింది చిన్న మాట. నువ్వు కథనే చెప్తివి" అన్నారు. వెనక ఉన్నవాళ్ళు జల్దీ కానియ్యమని సణిగారు.

నేను దోసిలి పట్టబోయి ఆగాను. "ఈమె ఆయన కూతురు. ఈమె నీళ్ళు వదలొచ్చా?" అని అడిగాను.

ఆయన అత్తయ్యను కాసేపు చూశారు. "బిడ్డనే గదా. ఆమెకంటె దగ్గరోళ్ళు ఎవలున్నరు? చెయ్యి పట్టుమ్మా" అన్నారు.

నేను అత్తయ్య వైపు తిరిగాను. "వదులుతావా, నన్ను వదలమంటావా? నీ ఇష్టం."

ఆమె కొంత ఆలోచించింది. తర్వాత కొంగు సర్దుకుని కుడి చెయ్యి చాపింది. ఆ చెయ్యి కింద నా చెయ్యి ఆనించాను. అయ్యగారు అందులో నువ్వులు వేశారు. నేను చెంబుతో నీళ్ళు పోస్తూ, ఆయన పేరును, మా ఇంట్లో ఎవరూ ఏనాడూ పిలవని ఆ పూర్తి పేరును, గట్టిగా పలికాను.

"వినబడలేదురా. ఇంకొకపాలి సెప్పు" అంది అత్తయ్య.

మళ్ళీ నీళ్ళు పోసి మళ్ళీ చెప్పాను.